మీ బిడ్డ ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది?

బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో బడి వదిలే వేళ గేటు దగ్గర నిలబడితే తెలుగు బాగానే వినిపిస్తుంది. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి అద్దె ఇళ్లలో కుదురుకున్నవాళ్లు, తరాలుగా ఆనేకల్ తాలూకాలోనే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్లు అందరూ అక్కడ కలుస్తారు. బిడ్డ భుజం మీది బ్యాగు అందుకుంటూ అందరూ అడిగేది ఒకటే: "ఈరోజు బళ్లో ఏం చెప్పారు?" పిల్లల జవాబూ దాదాపు ఒకటే: "ఏం లేదు."

పిల్లలు దాచిపెడుతున్నారని కాదు. ఆరేళ్ల బిడ్డ పొద్దున్నుంచీ పాట పాడింది, పుల్లలు లెక్కపెట్టింది, పక్కనున్న పాప దగ్గర రబ్బరు అడిగి తీసుకుంది, బోర్డు మీద సుద్దతో ఏదో గీసింది. ఇందులో ఏది "చెప్పడం" కిందికి వస్తుందో దానికి తెలియదు. జవాబు దొరకక మనం బ్యాగు తెరిచి నోటుపుస్తకం తిరగేస్తాం. రెండు పేజీలు నిండి ఉంటే చదువు సాగుతున్నట్టు, ఖాళీగా ఉంటే ఏమీ జరగనట్టు అనుకుంటాం.

చిన్న తరగతుల చదువును రోజు చొప్పున కొలవలేం. ఒక్క రోజులో కంటికి కనిపించేంత మార్పు రాదు. ఏడాది చివరి పరీక్షదాకా ఆగితే, ఎక్కడ ఆగిపోయిందో వెతికి పట్టుకునే సమయం దాటిపోతుంది. నెల సరైన కొలత. ఈ నెల నా బిడ్డ క్లాసులో ఏ మూడు నాలుగు సంగతులు నేర్చుకుంటోంది, వాటిలో ఏది పట్టుబడింది, ఏది ఇంకా రాలేదు? ఇంత తెలిస్తే తల్లిదండ్రులకు చాలు. దీనికి కన్నడం ధారాళంగా రానక్కర్లేదు, ఇంగ్లీషూ రానక్కర్లేదు. నెలకు ఒక కాగితం, వారానికి కాస్త సమయం కావాలి. ఆ కాగితం ఎలా తయారు చేసుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

నేను జులై నెలను పట్టుకుని మాట్లాడతాను. కర్ణాటక బడుల్లో కొత్త ఏడాది మే చివర్లోనో జూన్ మొదట్లోనో మొదలవుతుంది. ప్రభుత్వ బడుల్లో మొదట "సేతుబంధ" నడుస్తుంది. నిరుడు చదివినదాంట్లో ఏది నిలిచిందో, ఏది జారిపోయిందో చిన్న పరీక్ష పెట్టి చూసి, ఆ ఖాళీలు పూడ్చాకే కొత్త పాఠాలకు వెళ్తారు. ప్రైవేటు బడుల్లో పేరు వేరు కావచ్చు, చేసేది దాదాపు అదే. అందుకని జూన్‌లో "నిరుడు చెప్పిందే మళ్లీ చెబుతున్నారేంటి" అని నొచ్చుకోకండి. అసలు ఏడాది జులైలో ఊపందుకుంటుంది. మీరు ఈ పుస్తకం మరో నెలలో చదువుతున్నా పద్ధతి మారదు.

మదనపల్లె వైపు నుంచి వచ్చిన నిచ్చెన

కర్ణాటకలో ప్రభుత్వ కన్నడ బడికి వెళ్లి ఒకటి, రెండు, మూడు తరగతుల గదిలోకి తొంగిచూస్తే కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు కాస్త గుండె జారుతుంది. బల్లల వరసలు ఉండవు. మూడు తరగతుల పిల్లలు కలిసి నేలమీద గుంపులుగా కూర్చుని ఉంటారు. ఒక గుంపు కార్డులు పేరుస్తుంటుంది, ఇంకో గుంపు పిల్లల ఎత్తుకు అందేలా గోడకు కట్టిన నల్లబోర్డు మీద రాస్తుంటుంది. తల పైన దారాలకు పిల్లలు గీసిన బొమ్మలు వేలాడుతుంటాయి. ఒకరు లేచి వెళ్లి ఈరోజు ఎండా, మబ్బా, వానా అని వాతావరణ పట్టికలో గుర్తు పెట్టి వస్తారు. టీచరు నిలబడి పాఠం చెప్పడం కనిపించదు. "ఇది బడేనా?" అనిపిస్తుంది.

బడే. దీని పేరు "నలి కలి". ఈ పద్ధతి పుట్టుక మన తెలుగు నేలతో ముడిపడి ఉందని హెబ్బగోడిలోని తెలుగు తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసో గానీ, తెలియాల్సిన సంగతి ఇది. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ బడి ఉంది. ఆ బడి ఆధ్వర్యంలోని గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపింది. ఒక గది, ఒక టీచరు, అన్ని వయసుల పిల్లలు. మేకలు కాసి ఆలస్యంగా వచ్చే పిల్లవాడు, వేరుశనగ కోతలప్పుడు వారం రోజులు రాని పిల్ల, నిన్నే చేరిన పసివాడు, అందరూ ఒకే చోట. అక్కడ "అందరూ పద్నాలుగో పేజీ తీయండి" అంటే కుదరదు.

అందుకని పద్మనాభరావు, రమ గార్ల నాయకత్వంలో అక్కడివాళ్లు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. కార్డుల వరసను నిచ్చెనలా గోడమీద పెట్టారు. తానెక్కడ ఉందో, తర్వాత ఏ కార్డు తీయాలో చదవడం ఇంకా రాని పిల్లకు కూడా బొమ్మను బట్టి తెలుస్తుంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా టీచర్లు రిషి వ్యాలీకి వచ్చి దీన్ని చూశారు. తిరిగి వెళ్లి కన్నడ పాఠాలతో తమ నిచ్చెన తామే కట్టుకున్నారు. అదే నలి కలి. 2009 నాటికి కర్ణాటక ప్రభుత్వం దాన్ని రాష్ట్రమంతటా ప్రాథమిక బడులకు తీసుకెళ్లింది. టీచర్లు వెళ్లి చూసి నేర్చుకుని తెచ్చుకున్న మార్పు ఇంత దూరం రావడం చాలా అరుదు, చాలా గొప్ప సంగతి.

నిచ్చెన ఉన్న గదిలో "ఎన్నో పేజీలో ఉన్నారు?" అని అడిగితే జవాబు ఉండదు. "మా బిడ్డ ఏ మెట్టు మీద ఉంది?" అంటే టీచరు గోడ వైపు వేలు చూపించి చెబుతుంది. పిల్లలు కూర్చునే గుంపులు కూడా దీన్నే చెబుతాయి. టీచరు సాయం పూర్తిగా కావాల్సినవాళ్లు ఒక చోట, కొంచెం సాయంతో చేయగలిగినవాళ్లు ఇంకో చోట, తోటి పిల్లల సాయంతో చేసేవాళ్లు మరో చోట, ఎవరి సాయమూ లేకుండా చేసుకునేవాళ్లు వేరొక చోట. ఒకే పిల్ల పొద్దున ఒక గుంపులో, మధ్యాహ్నం ఇంకో గుంపులో ఉంటుంది. దాన్ని చూసి "మా పిల్లను మొద్దుల్లో కూర్చోబెట్టారు" అని బాధపడకండి. కొత్త సంగతి మొదలైన రోజు ప్రతి పిల్లా టీచరు పక్కనే కూర్చుంటుంది.

వలస వచ్చిన కుటుంబాలకు ఇందులో ఇంకో మేలుంది. ఊళ్లో జాతరని, పెళ్లని, అవ్వకు ఒంట్లో బాగాలేదని వారం పదిరోజులు వెళ్లి వస్తాం. నలి కలి గదిలో బిడ్డ తిరిగొచ్చి తాను వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ కాలు పెడుతుంది. పుస్తకం పట్టుకుని అందరినీ కలిపి నడిపించే బడిలో పాఠం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. అక్కడ ఆ మెట్టును గుర్తుపెట్టుకోవాల్సింది మీరే.

మీ బిడ్డ ప్రైవేటు బడిలోనో, సీబీఎస్ఈ బడిలోనో చదువుతుంటే నిచ్చెన మీరే గీసుకోండి. పాత క్యాలెండరు కాగితం వెనక వైపు చాలు. జులై అని పైన రాసి ఎనిమిది మెట్లు గీయండి. భాషకు నాలుగు, లెక్కలకు మూడు, మాటకు ఒకటి. మాటకు అంటే ఇంట్లో బిడ్డ ఈ నెల తనంతట తాను చెప్పగలగాల్సిన ఒక సంగతి: బడికి వెళ్లే దారి, నిన్న వండిన కూర, అవ్వ ఊరి పేరు. వచ్చిన మెట్టుకు బిడ్డ చేతే రంగు వేయించండి. కింది మెట్టు రంగు లేకుండా ఉంటే పై మెట్టుకు తొందరపడకండి. చిన్న తరగతుల్లో నాకు తెలిసిన పెద్ద నష్టం ఇదే: కింద ఖాళీ వదిలేసి పైకి తోయడం. రెండంకెల కూడికలో చేరాల్సిన పిల్ల పదిదాకా గుంపు కట్టడం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి మూడో తరగతి దాకా ఎవరికీ కనిపించదు.

ర, గ, స, ద, అ

ఒకటో తరగతి బిడ్డ ఉన్న ఇంట్లో జులైలో వచ్చే గందరగోళం ఒకటుంది. అమ్మ పలక ముందు పెట్టుకుని అ ఆ ఇ ఈ దిద్దిస్తుంది. బడినుంచి బిడ్డ మాత్రం ర, గ, స, ద, అ అంటూ వస్తుంది. "ఇదేం వరస? ముందు అ ఆలు రావాలి కదా" అని అమ్మకు అనుమానం.

నలి కలిలో కన్నడ అక్షరాలు వర్ణమాల వరసలో రావు. ర, గ, స, ద, అ మొదటి గుంపు. దాని తర్వాత జ, వ, మ, బ, న. ఇలా పెట్టడానికి కారణం ఉంది. మొదటి ఐదక్షరాలు వచ్చేసరికి బిడ్డ మాటలు చదవగలదు. సర అంటే మెడలో వేసుకునే దండ, అరస అంటే రాజు, అగస అంటే బట్టలుతికే చాకలి, దసర అంటే మన దసరానే. అ ఆ ఇ ఈ ఉ అని ఐదచ్చులు నేర్చుకుంటే చదవడానికి పట్టుమని రెండు మాటలు కూడా కుదరవు. చదువు మొదలైన పది రోజులకే తన వేలి కింద ఒక మాట పలికితే ఆ పిల్లకు కలిగే ఉత్సాహం మనం ఏ బహుమానంతోనూ ఇవ్వలేం.

కాబట్టి ఇంట్లో చేయాల్సింది ఇది. వర్ణమాల మానేయకండి, దాన్ని పాటలా పాడించండి, నోటికి రానివ్వండి. రాత మాత్రం బడి వరసలో సాగనివ్వండి. మీ బడిలో గుంపులు వేరుగా ఉంటే ఆ గుంపులే పట్టుకోండి. తెలుగు రాత సంగతేంటి అని అడుగుతారు. నా సలహా: జులైలో తెలుగు నోటితో, దసరా సెలవుల్లో చేత్తో. అప్పటిదాకా ఇంట్లో తెలుగు కథలు, తెలుగు మాటలు, తెలుగు ఆటలు నిండుగా ఉండాలి. ఈలోగా బిడ్డకు కన్నడలో అక్షరానికీ శబ్దానికీ ఉన్న లంకె కుదురుతుంది. ఆ లంకె ఒక్కసారి కుదిరితే తెలుగు రాత నేర్పడం తేలిక. వర్ణమాల అదే, గుణింతం లెక్క అదే, ఒత్తుల పద్ధతి అదే. చాలా అక్షరాలకు ఒంటి ఆకారం కూడా దగ్గర దగ్గరగా ఉంటుంది, తలకట్టు వేరు. క, త, న, శ లాంటివి కొన్ని మాత్రం విడిగా నేర్పాలి.

పెద్దపిల్లలకు ఇంట్లో ముందే తెలుగు నేర్పి ఉంటే ఒక చిన్న ఇబ్బంది వస్తుంది. కన్నడ నోటులో తెలుగు తలకట్టు పెట్టి వస్తారు, టీచరు ఎర్ర సిరాతో సున్నా చుడుతుంది. అది చదువు రాకపోవడం కాదు. రెండు లిపులూ వచ్చిన చేయి చేసే పొరపాటు. కొట్టకండి, కసరకండి. రెండు తలకట్లూ పక్కపక్కన రాసి తేడా వెతకమనండి, వారంలో సర్దుకుంటుంది.

2015లో వచ్చిన చట్టం ప్రకారం కర్ణాటక బడుల్లో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాలి. ఇంగ్లీషు మీడియం బడిలో వేసినా కన్నడం తప్పదు. తెలుగు ఇళ్లలో దీన్ని ఒక బరువుగా మాట్లాడుకోవడం వింటుంటాను. మీ బిడ్డకు ఇది బరువు కాకపోగా, ఆ గదిలో మిగతా వలస పిల్లలకంటే ఒక అడుగు ముందే మొదలుపెట్టే వీలుంది. పాలు కన్నడంలో హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పల్లు హల్లు. మన మాట మొదట్లో ప ఉంటే చాలాచోట్ల అక్కడ హ వస్తుందని బిడ్డతో ఆటగా ఆడించండి. రాత్రి అన్నం పెట్టేటప్పుడు ఐదు మాటలు చాలు. "నువ్వు పొగ అంటే వాళ్లేమంటారు చెప్పు?" అంటే "హొగె" అని అరుస్తుంది. అన్ని మాటలకూ ఈ సూత్రం పనిచేయదు. పనిచేయని మాట దొరికినప్పుడు పిల్లలకు ఇంకా సరదా.

చదవడానికి వీధి కూడా పనికొస్తుంది. 2025 ఆగస్టు 10న ఎల్లో లైను మెట్రో మొదలయ్యాక హెబ్బగోడి పేరు పెద్ద అక్షరాల్లో స్టేషను మీదికి ఎక్కింది. ఆ కన్నడ అక్షరాల ముందు బిడ్డను నిలబెట్టండి. హె, బ్బ, గో, డి. తెలుగు చదవగలిగిన మీకు కూడా అవి కొత్తగా అనిపించవు. గో దగ్గర దీర్ఘం గుర్తు విడిగా పక్కన ఉంటుంది, మన ఓత్వంలా తలమీద ఉండదు. అది బిడ్డ మీకు చూపిస్తే ఎంత బాగుంటుందో. కన్నడం చదవడం రాని నాన్నలు, అమ్మలు ఇదే అదనుగా బిడ్డ వెనకే నేర్చుకోండి. మీరు తడబడటం బిడ్డ చూడాలి. తడబడుతూనే చదవొచ్చని అప్పుడు దానికి తెలుస్తుంది.

లెక్కలు ఇంట్లోనే ఉన్నాయి

ఎన్‌సీఈఆర్‌టీ కొత్త పుస్తకాలు ఒకటి, రెండు తరగతులకు 2023లో, మూడో తరగతికి 2024లో వచ్చాయి. సీబీఎస్ఈ బడుల్లో చాలావరకు ఇవే. ఒకటో తరగతి లెక్కల పుస్తకం అంకెలతో మొదలు కాదు. లోపల, బయట, పైన, కింద, దగ్గర, దూరం అన్న సంగతులతో మొదలై, ఏది పొడుగు, ఏది గుండ్రం, ఏది దొర్లుతుంది, ఏది జారుతుంది అన్న చోటికి వస్తుంది. తర్వాతే ఒకటి నుంచి తొమ్మిది. పుస్తకం తెరిచి "అంకెలే లేవు" అని నిరాశపడే తల్లిదండ్రులు ఉంటారు. మీ వంటగదిలో ఆ పాఠమంతా ఉంది. పప్పుడబ్బా దొర్లుతుంది, సబ్బుబిళ్ల జారుతుంది, టమోటా ఎటైనా దొర్లుతుంది, గ్లాసు పడుకోబెడితే దొర్లుతుంది, నిలబెడితే జారుతుంది. చివరిది బిడ్డ తానే కనిపెట్టేదాకా చెప్పకండి.

రెండో తరగతిలో జులై అంటే గుంపులు కట్టి లెక్కపెట్టడం. విడివిడిగా ఒకటి రెండు మూడు అనకుండా రెండేసి, ఐదేసి, పదేసి. ఇది చాలా పెద్ద మలుపు. స్థానవిలువ, గుణకారం, డబ్బు లెక్క అన్నీ దీని మీదే నిలబడతాయి. చింతగింజలు ఒక దోసెడు పోసి పదేసి కుప్పలు పెట్టించండి. నాలుగు కుప్పలు, పైన ఏడు. అప్పుడు నలభై ఏడు అని రాయించండి. 47లో 4 అంటే నాలుగు గింజలు కాదు, నాలుగు కుప్పలు అని చేత్తో ముట్టుకుని చూసిన పిల్ల తర్వాత అప్పు తెచ్చే తీసివేతలో తడబడటం తక్కువ.

ఇక్కడ మన తెలుగు చేసే సాయం చిన్నది కాదు. ఇంగ్లీషులో థర్టీన్, థర్టీ దగ్గర పిల్లలు తికమకపడతారు. పదమూడు అనే మాటలోనే పది ముందు, మూడు తర్వాత ఉంది. ముప్పై వినడానికే వేరు. కన్నడంలో హదిమూరు అంటే అదే వరస, పై ఆటలోలాగే ప పోయి హ వచ్చింది. ఇంగ్లీషులో అంకె చెప్పలేక నిలిచిపోయిన బిడ్డను "తెలుగులో చెప్పు" అనండి. తెలుగులో సరిగా చెబితే లెక్క వచ్చినట్టే, రావాల్సింది ఇంగ్లీషు పేరు మాత్రమే. ఈ రెండింటినీ కలిపేసి "లెక్కల్లో వీక్" అని ముద్ర వేయడం పిల్లలకు చేసే పెద్ద అన్యాయం.

మూడో తరగతి లెక్కల పుస్తకం మొదటి అధ్యాయమే పేర్ల మీద. ఎవరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టడం, పోల్చడం. పరిసరాల పుస్తకం మొదటి భాగం కుటుంబం, చుట్టూ ఉన్న మనుషులు. ఇంటిల్లిపాదీ ఊళ్లో ఉండి తల్లీ తండ్రీ బిడ్డా మాత్రం హెబ్బగోడిలో ఉంటే బిడ్డ తన కుటుంబం బొమ్మలో ముగ్గుర్నే గీస్తుంది. ఆదివారం వీడియో కాల్‌లో అవ్వతో, తాతతో అడిగించండి: "అవ్వా, నువ్వు చిన్నప్పుడు ఏ బడికి పోయావు? తాతా, మన ఇంట్లో అప్పుడు ఎంతమంది ఉండేవాళ్లు?" ఆ జవాబులు బడి నోటులోకి ఏ భాషలో వెళ్లినా సరే, అడగడం తెలుగులో జరుగుతుంది.

ఈ మెట్లు చివరికి ఎక్కడికి చేరాలో ప్రభుత్వం కూడా చెప్పింది. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం ఒకటో తరగతి ముగిసేసరికి బిడ్డ నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి, 99 దాకా అంకెలు చదివి రాయాలి. రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 దాకా రాయాలి. మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు, 9999 దాకా అంకెలు. ఇవి ఏడాది చివరి గమ్యాలు, జులైకి కావు. నిమిషాల లెక్క చూసి స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చోకండి. అర్థం చేసుకుంటూ అన్న మాటకే విలువ.

టీచరును అడగడం, ఇంట్లో చూడటం

నెల మొదటి వారంలో ఒకసారి టీచరును కలవండి. షిఫ్టులవల్ల కుదరకపోతే డైరీలో రాసి పంపండి. వాట్సాప్ గ్రూపులో అందరి ముందు మీ బిడ్డ సంగతి అడగకండి. "మా వాడు ఎలా చదువుతున్నాడు మేడం?" అని అడిగితే "బాగానే చదువుతున్నాడు" అనే జవాబే వస్తుంది. ముప్పైమంది పిల్లల మధ్య నిలబడి ఉన్న మనిషి ఇంకేం చెప్పగలదు? "మేడం, ఈ నెల ఏ అక్షరాలు, ఏ లెక్కలు చెబుతున్నారు? మా వాడు వాటిలో ఎక్కడ ఆగుతున్నాడు?" అని అడగండి. కన్నడ టీచరయితే "మేడం, ఈ తింగళు ఏను హేళికొడ్తా ఇద్దీరా?" అనండి. మీ కన్నడం తప్పుగా ఉన్నా ఆవిడకు మీ శ్రద్ధ అర్థమవుతుంది. వచ్చిన జవాబును అక్కడే కాగితం మీద రాసుకోండి. ఎనిమిది మెట్లలో ఆరు అక్కడే దొరుకుతాయి.

హోంవర్కు గురించి ఒక మాట. 2020లో కేంద్రం తెచ్చిన బ్యాగు బరువు విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్కు ఉండకూడదు, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదు. దానికి బదులు నిన్న సాయంత్రం ఏం ఆడారు, ఏం తిన్నారు అని పిల్లలు క్లాసులో మాట్లాడాలని ఆ విధానమే చెబుతుంది. అంటే సాయంత్రం ఇంట్లో మీతో గడిచిన సమయమే మర్నాడు క్లాసులో వాళ్లు చెప్పుకునే పాఠం. రెండో తరగతి బిడ్డకు హోంవర్కు రాలేదని ట్యూషనుకు పంపే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మళ్లీ గేటు దగ్గరి ప్రశ్నకు వద్దాం. "ఏం చెప్పారు?" బదులు కాగితం మీదున్న మెట్టును పట్టుకుని అడగండి. "ఈరోజు ఏ అక్షరంతో మాటలు కట్టారు కన్నా? నీ పక్కన ఎవరు కూర్చున్నారు? వాళ్లకు రానిది నీకేం వచ్చింది? నీకు రానిది వాళ్లకేం వచ్చింది?" ఇంటికి రాగానే కాదు, ఏదైనా తిని, కాళ్లు కడుక్కుని కుదురుగా కూర్చున్నాక అడగండి. తండ్రి నైట్ షిఫ్టు కాబట్టి సాయంత్రం నిద్రలో ఉంటే పొద్దున్న బడికి దింపే దారిలో అడగొచ్చు. రోజుకు ఒక ప్రశ్న చాలు.

నెలాఖరుకు వచ్చిందో లేదో చూసే పద్ధతి తేలిక. చదివిన పాఠమే మళ్లీ చదివించకండి. చాలామంది పిల్లలు బొమ్మ చూసి, మొదటి మాట పట్టుకుని వాక్యమంతా కంఠస్థంగా అప్పజెప్పేస్తారు, మనం మురిసిపోతాం. బొమ్మను చేత్తో మూసి, వాక్యం మధ్యలోంచి ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడగండి. అది చెబితే చదువుతున్నట్టు. తర్వాత ఎప్పుడూ చూడని చిన్న కథ ఇవ్వండి. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్‌లో పిల్లల కథలు మెట్లవారీగా ఉచితంగా దొరుకుతాయి. మొదటి మెట్టు కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ఒకే కథ చాలాసార్లు కన్నడంలోనూ తెలుగులోనూ ఉంటుంది. కన్నడంలో బిడ్డ మీకు చదివి వినిపించాలి, తెలుగులో మీరు దానికి చదివి వినిపించాలి. కథ అయ్యాక "ఆ కుక్క ఎందుకు పారిపోయింది?" లాంటి ఒక్క ప్రశ్న వేసి వదిలేయండి.

రాని మెట్టు ఉంటే రెండు మెట్లు కిందికి దిగండి. గ, ద కలగలిపేస్తుంటే ఆ రెండూ ఉన్న మాటలతోనే వారం రోజులు ఆడండి. కూడిక రాకపోతే కుప్పలు, కుప్పలు రాకపోతే వేళ్లు. అదే మెట్టు మీద రెండు నెలలు ఆగిపోతే బుద్ధి మాంద్యం అని ఎవరన్నా నమ్మకండి, మొదట కళ్లు చూపించండి. బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తోందా, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంటోందా, టీవీ ముందుకు జరుగుతోందా గమనించండి. వెనక నుంచి మెల్లగా పిలిచి చెవులు కూడా చూడండి. చిన్న తరగతుల్లో "చదువు రావడం లేదు" అన్న ఫిర్యాదు వెనక ఒక్కోసారి కళ్లద్దం లేకపోవడం మాత్రమే ఉంటుంది.

జులై కాగితం పారేయకండి. ఆగస్టు కాగితాన్ని దానికి పిన్ను చేసి, రంగు పడని మెట్లను కొత్త కాగితం అడుగున మొదట రాయండి. పేరెంట్స్ మీటింగుకు ఆ రెండు కాగితాలూ తీసుకెళ్లి టీచరు ముందు పెట్టండి. ఏ రోజుల్లో ఊరికి వెళ్లారో, బిడ్డకు ఎప్పుడు జ్వరం వచ్చిందో అంచున రాసి ఉంచితే ఆగిపోయిన మెట్టుకు కారణం ఆవిడే మీకు చూపిస్తుంది.